ముందు కొలతను సరిచూసుకోండి

 

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు త్వరలోనే పీహెచ్‌డీలో చేరతారు. వాళ్ళకు చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఏం అడగాలో, దేనితో కొలవాలో, ఆ కొలతను ఎందుకు నమ్మాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. పరిశోధన ప్రణాళికకు ప్రాణం అదే. నెలవారీ పట్టికలు ఆ తర్వాత వేసుకోవచ్చు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకు తెలుసు. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, పిల్లల ల్యూకేమియాను తొలిసారి కొంతకాలమైనా వెనక్కు తగ్గించిన అమినోప్టెరిన్ అనగానే ఆయన గుర్తుకొస్తారు. అవన్నీ ఆయన 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరిన తర్వాతి ఫలాలు. అంతకు పదిహేనేళ్ళ ముందు హార్వర్డ్‌లో ఆయన చేసిన పనిని మీరు చదవాలి. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రచురించింది ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి. నమూనాకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. ప్రాక్టికల్స్‌లో మీలో చాలామంది చేసిందే.

ఆ కొలత ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. కండరాల సారంలో నీలిరంగు రావలసినదానికంటే నెమ్మదిగా వస్తుంటే, పరీక్ష కుదరలేదని పారబోయలేదు. మామూలు ఫాస్ఫేట్ అయితే ఇంత ఆలస్యం కాదు. ఏదో పదార్థం ఆ ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఫిస్క్, సుబ్బారావు 1927లో దాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా దాని జాడ పట్టారు. 1929లో ఏటీపీని కనుగొన్న తొలివారిలోనూ ఫిస్క్, సుబ్బారావు ఉన్నారు. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. ఇన్ని పెద్ద సంగతులకు దారి తీసింది నమ్మదగిన ఒక్క కొలత.

క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచి మన ఒంట్లో రోజూ పుట్టేదే క్రియాటినిన్. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ఊరూరా చేసే రక్తపరీక్ష దానిదే. ఆ కొలతను సరిచూసుకోవడం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి రండి. కొబ్బరి తోటలు, జీడితోటల సీమ అది. షుగరు, బీపీ లేనివాళ్ళకూ అక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళు, ఎండ, పురుగుమందులు, జన్యువులు... అనుమానాలు చాలా ఉన్నాయి, కారణం ఇంకా తేలలేదు.

‘ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోంది?’ అన్నది ఒక తరం శాస్త్రవేత్తల పని, ఒక పీహెచ్‌డీలో తేలేది కాదు. దానికి బదులు ఇలా రాసుకోండి: ‘ప్రస్తుతం కిడ్నీలు బాగున్న కూలీల్లో, వారం రోజులు ఎండలో పనిచేశాక, కిడ్నీ నాళికలు దెబ్బతిన్నాయని చూపే ప్రోటీన్ మూత్రంలో పెరుగుతోందా?’ పెరిగితే ఎండ మీద అనుమానం బలపడుతుంది. పెరగకపోతే వెతికేవాళ్ళు మరోవైపు చూస్తారు. జవాబు అవునైనా, కాదైనా మీ సిద్ధాంత గ్రంథం నిలబడాలి. అలాంటి ప్రశ్ననే ఎంచుకోండి.

మరి ‘కిడ్నీలు బాగున్న’ వాళ్ళని ఎలా తేలుస్తారు? క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. బక్కపలచని కూలీ రక్తంలో అది తక్కువగానే ఉంటుంది కాబట్టి, కిడ్నీలు దెబ్బతిన్నా లెక్కలో బాగున్నట్టే కనిపించవచ్చు. ఒకే నమూనాకు రసాయన పద్ధతి ఒక అంకె, ఎంజైము పద్ధతి మరో అంకె ఇవ్వవచ్చు. నీళ్ళు చాలక మూత్రం చిక్కబడితే ప్రోటీన్ పెరగకపోయినా పెరిగినట్టే అనిపిస్తుంది. ఇవి ముందే ఆలోచించుకోకపోతే మూడో ఏడాదికి ఫ్రీజరు నిండా నమూనాలుంటాయి, వాటితో గట్టిగా చెప్పగలిగింది మాత్రం ఏమీ ఉండదు.

నేల గట్టిదో కాదో చూడకుండా ఎవరూ ఇంటికి పునాది తీయరు. మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం కొలతకే ఇవ్వండి. ఒకే నమూనాను మళ్ళీ మళ్ళీ కొలిచి తేడా ఎంతో రాసుకోండి. సిస్టాటిన్-సి లాంటి మరో కిడ్నీ పరీక్షతో సరిపోల్చండి. ఫ్రీజరులో కొన్ని నెలలున్నాక అంకె మారుతోందేమో చూడండి.

స్టాటిస్టిక్స్ తెలిసినవారి దగ్గరికి నమూనాలు తీయకముందే వెళ్ళండి. ఎంత తేడా మీకు ముఖ్యమో చెబితే, ఎంతమంది కావాలో వారు లెక్కగడతారు. దేన్ని దేనితో పోలుస్తారో డేటా చూడకముందే కాగితం మీద పెట్టి, తేదీ వేసి, గైడు గారి సంతకం తీసుకోండి. ట్యూబు ఎవరిదో తెలియకుండా కొలవండి. క్యాలెండరు కూడా చూసుకోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఆలస్యమై ఎండాకాలం దాటిపోతే, ఇలాంటి అధ్యయనం మరో ఏడాది ఆగాల్సిందే. కాబట్టి దరఖాస్తు మొదటి నెలల్లోనే సిద్ధం చేయండి.

ఆ దరఖాస్తులో పెట్టే సమ్మతి పత్రం కమిటీ కోసమే అనుకోకండి. మీకు చేయి చాచి రక్తమిచ్చిన మనిషి మీ అంకెలను సరిచూడలేడు, మిమ్మల్ని నమ్ముతాడు. అతని భాషలో, అతనికి అర్థమయ్యేలా రాయండి. వద్దంటే వద్దని ఒప్పుకోండి. పరీక్షలో ప్రమాదం కనిపిస్తే ఏ ఆసుపత్రికి, ఎలా పంపుతారో ముందే తేల్చుకోండి. పని ముగిశాక ఆ ఊరికి వెళ్ళి, తేలింది తేలినట్టు, తేలనిది తేలలేదనే చెప్పిరండి. అందుకు కావలసిన రోజులూ దారిఖర్చులూ ఇవాళే ప్రణాళికలో చేర్చండి. చివర్లో చూద్దామనుకుంటే అవి మిగలవు.

ఒక్క పీహెచ్‌డీతో ఒక జబ్బు అంతు తేల్చమని ఎవరూ మిమ్మల్ని అడగరు. మీ తర్వాత వచ్చేవారు అనుమానం లేకుండా వాడుకోగల జవాబు ఒక్కటి ఇవ్వండి. ఈ పట్టాకు, మిమ్మల్ని చదివించిన పెద్దల కష్టానికి అంతకు మించిన గౌరవం లేదు.