జూల్స్ వెర్న్‌కి సైన్స్ తెలీదా?

ఈరోజు నాకు బాగా ఇష్టమైన, ఒకప్పుడు బాగా కోపం తెప్పించిన పుస్తకం గురించి మాట్లాడుకుందాం. 1864లో వచ్చిన జూల్స్ వెర్న్ నవల, 'జర్నీ టు ద సెంటర్ ఆఫ్ ది ఎర్త్'.

ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతంలోకి దిగిన ముగ్గురు, ఇటలీలోని స్ట్రాంబోలి అగ్నిపర్వతంలోంచి బయటపడతారు. మధ్యలో భూమి లోపల ఏకంగా సముద్రమే ఉంటుంది! చిన్నప్పుడు నిజమే అనుకున్నా. తర్వాత స్కూల్లో, లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుందని చదివాక ఒళ్లు మండింది. ఇంత పెద్ద రచయితకి ఈమాత్రం తెలీదా అని.

పెద్దయ్యాక మళ్లీ చదివితే అర్థమైంది. ఆయనకి తెలుసు! కథలో కుర్రాడు యాక్సెల్ సరిగ్గా ఇదే అడుగుతాడు. ప్రతి 70 అడుగులకీ ఒక డిగ్రీ పెరుగుతుంటే మనం మాడిపోమా అని. దానికి ప్రొఫెసర్ లైడెన్‌బ్రాక్, అంత లోతుకి వెళ్లి చూసిందెవరు అంటాడు. పైగా హంఫ్రీ డేవీని సాక్ష్యానికి తెస్తాడు.

డేవీ అంటే మామూలు మనిషి కాదు. 1807లో సోడియం, పొటాషియంలను విడదీసి చూపించిన కెమిస్ట్. సోడియం ముక్క నీళ్లలో వేస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా? భూమి లోపల అలాంటి లోహాలకి నీళ్లు తగిలి అగ్నిపర్వతాలు రాజుకుంటాయని ఆయన ఒక దశలో ఊహించాడు. అదే నిజమైతే భూమి నడిమధ్య మండుతూ ఉండక్కర్లేదు. మనుషులు దిగొచ్చు! వెర్న్ రాసేనాటికే ఆ ఊహ పాతబడింది. కానీ కథ లోపలికి వెళ్లడానికి ఆయనకి ఆ తలుపే కావాలి.

మరి గెలిచిందెవరు? యాక్సెలే. సోవియట్ కాలంలో కోలా దగ్గర 12,262 మీటర్ల లోతు బోరు వేస్తే, అడుగున సుమారు 180 డిగ్రీల వేడి! భూమి మధ్యకి దూరం 6,371 కిలోమీటర్లు. అంటే మనం తవ్వింది 0.2 శాతం కూడా లేదు.

ఇక్కడే నా కోపం చల్లారింది. వెళ్లి చూసిందెవరు అన్న ప్రొఫెసర్ ప్రశ్న ఇప్పటికీ కరెక్టే, ఎవరూ వెళ్లలేదు. ఆయన జవాబే తప్పు. అసలు జవాబు భూకంప తరంగాలు చెప్పాయి. వాటిని చదివే 1936లో ఇంగే లేమాన్ భూమికి లోపలి కోర్ ఉందని చెప్పింది.

అందుకే పాత కథలో తప్పు దొరికితే నవ్వి వదిలేయకండి. అప్పట్లో దాన్ని ఎవరు, ఎందుకు నమ్మారో ఒక్కసారి వెతకండి. కథ వెనక ఇంకో కథ దొరుకుతుంది.