వీడియో ఆటలు - ఆటగాని దేహము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



వీడియో ఆటలంటే కదలక కూర్చుండి కన్నులు పాడుచేసికొనుటయే యని మన పెద్దల అభిప్రాయము. మేమును అట్లే అనుకొనెడివారము. కాని ఆ ఆటలను రూపొందించువారు మొదట ఆలోచింపవలసినది ఆటగాని ఒంటినిగూర్చియే యని తరువాత తెలిసికొంటిమి. తెరమీది బొమ్మ దూకవలెనన్న ఇక్కడ ఒక బొటనవ్రేలు కదలవలెను గదా! ఆ వ్రేలు ఎంత వేగముగ కదలునో, ఎంతసేపటికి అలయునో తెలియనిదే ఆట కుదరదు.

1998లో జపానులోని కొనామీ వారు డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అను ఆటను తెచ్చి, పనిని చేతినుండి పాదములకు మార్చిరి. తెరపై బాణపు గుర్తు వచ్చినప్పుడు, క్రింది పలకపై అదే గుర్తును తాళము తప్పక త్రొక్కవలెను. 2006లో నింటెండో వారి వీ యంత్రము వచ్చినది. చేతిలోని సాధనమును ఊపినచో తెరమీద టెన్నిసు బంతి ఎగురును. మీటల లెక్క తెలియని తాతలు, అమ్మమ్మలు కూడ ఆడగలిగిరి. చేయి ఊపుట వారు క్రొత్తగా నేర్వవలసిన విద్య కాదు.

2010లో వచ్చి 2017 వరకు తయారైన మైక్రోసాఫ్టు వారి కైనెక్టుకు చేతిలో ఏమియు అక్కరలేదు. కెమెరాయే దేహమందలి కీళ్ళను గుర్తించును. అయితే ఒక్కరు ఆడుటకే దాని యెదుట సుమారు 6 అడుగుల ఖాళీ కావలెను. ఇరుకు గదుల కాపురములకు అది యెక్కడిది?

చిక్కు ఇక్కడనే యున్నది. మీటల ఆటకు పది వ్రేళ్ళు, త్రొక్కుడు ఆటకు రెండు కాళ్ళు కావలెనని రూపకర్తలు నోట చెప్పకయే షరతు పెట్టుచున్నారు. ఆ షరతును సడలించుటకు మైక్రోసాఫ్టు వారే 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరు తెచ్చిరి. దానికి రెండు పెద్ద మీటలు, తీగలు తగిలించుటకు 19 రంధ్రములు గలవు. మోచేతితో నొక్కు మీటనో, పాదముతో త్రొక్కు మీటనో ఎవరికి వీలైనది వారు తగిలించుకొనవచ్చును. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగములో, మీటను మాటిమాటికి నొక్కలేనివారు ఒకసారి నొక్కిపట్టిన చాలునను ఏర్పాటు గలదు. ఇందువలన తక్కినవారి ఆటకు లోటేమియు రాలేదు.

మన ఉగాది పోటీలలో పరుగెత్తలేని పిల్లవానిని మనము ప్రతి యేడు లెక్కలు వ్రాయుటకు కూర్చుండబెట్టుచున్నాము. మంచి మనసుతోనే చేయుచున్నాము. కాని వానికి ఆట లేకపోయినది. వచ్చే ఉగాదికి పోటీల పట్టిక వేయకముందే వానిని పిలిచి, "నీవేమి ఆడగలవురా, అబ్బాయీ?" అని అడుగవలెనని కార్యవర్గమునకు మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.