పూలమొక్కల గుర్తింపు – పైర్ల తెగుళ్ల పరీక్ష

(రెడ్డిగూడెములో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మామిడి తోటలకును, మిరప, ప్రత్తి చేలకును ఈ మెట్ట ప్రాంతము పేరుగన్నది. పైరునకు తెగులు సోకినచో ఆకు కోసికొనిపోయి చూపుట మనమందరము ఎరిగినదే. కాని ఇంటి ముంగిటను, గుడి ఆవరణలోను మనము ముచ్చటకై పెంచుకొను పూలమొక్కలకును, ఆ తెగుళ్ల పరీక్షకును సంబంధము కలదని ఎరిగినవారు అరుదు.

వైరస్ కంటికి కనబడదు. సామాన్యమైన సూక్ష్మదర్శినికిని అందదు. కావున దానిని మరియొక మొక్కపై పరీక్షించు పద్ధతి ఏర్పడినది. తెగులు సోకిన ఆకును నూరి, ఆ రసమును పరీక్షమొక్క ఆకుపై సన్నని గరుకుపొడితో మెల్లగా రుద్దుదురు. కొలది దినములలో ఆ ఆకుపై మచ్చలు లేచును. 1929లో హోమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ మచ్చలను లెక్కించి, రసములోని వైరస్ బలమును అంచనా వేయవచ్చునని చూపెను. మన పెరటి బొగడబంతి ఇట్టి పరీక్షమొక్కయే. బంగాళాదుంపకు వచ్చు ఒక వైరస్‌ను అది మచ్చల రూపమున పట్టి యిచ్చును.

అన్ని తెగుళ్లును రసముతో అంటుకొనవు. వంగలోను, నువ్వులలోను వచ్చు వెర్రితెగులు అట్టిది. దీనికి కారణము ఫైటోప్లాస్మా అను సూక్ష్మజీవి. ఈ జాతి జీవులను 1967లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రోగపు మొక్కనుండి బంగారుతీగను బిళ్లగన్నేరుపైకి ప్రాకించినచో, ఆ తీగ ద్వారా రోగము దానికి సంక్రమించును. అప్పుడు బిళ్లగన్నేరు ఆకులు చిన్నవగును; పూవులు రంగు వీడి ఆకుపచ్చనగును.

ఇచ్చటనే మొక్కను సరిగా గుర్తించు అవసరము కలుగుచున్నది. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్లగన్నేరు ఒకే కుటుంబమునకు చెందినను నాలుగును వేరువేరు మొక్కలు. బొగడబంతికిని బంతికిని పేరులో పోలిక కలదే కాని చుట్టరికము లేదు: మొదటిది తోటకూర కుటుంబములోనిది; రెండవది ప్రొద్దుతిరుగుడు కుటుంబములోనిది. పేరు తప్పినచో పరీక్ష తప్పును. పరీక్ష తప్పినచో మందు వృథా యగును.

2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో జరిగినది దీనికి దృష్టాంతము. వేరుశెనగ చేలు విస్తారముగా ఎండిపోయెను. మొదట అది మొవ్వుకుళ్లు తెగులని భావించిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది టొబాకో స్ట్రీక్ వైరస్ వలన వచ్చిన కాండము కుళ్లు తెగులని తేల్చిరి. వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉండును. తామరపురుగులు ఆ పుప్పొడిని పైరుపైకి చేర్చును. వయ్యారిభామకు బంతియు, ప్రొద్దుతిరుగుడును చుట్టములే. వానికిని ఈ వైరస్ సోకును. తెగులు పేరు తేలిన పిదపనే, గట్లపై వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట ముఖ్యమని స్పష్టమయ్యెను.

కావున పంచాయతీలు ఈ క్రింది పనులు చేయవచ్చును:

1. పాఠశాల, గుడి, పంచాయతీ కార్యాలయములందలి పూలమొక్కలకు ఊరిపేరును, శాస్త్రీయ నామమును వ్రాసిన పలకలు కట్టించుట. గుర్తింపునకు ఆకు ఒక్కటి చాలదు. పూవు, కాయ గల కొమ్మను వార్తాపత్రికల నడుమ అదిమి ఆరబెట్టవలెను.

2. తెగులు నమూనాను తడి లేకుండ కాగితములో చుట్టి, గ్రామము, తేదీ, మొక్క పేరు, ప్రక్కనున్న పైరు వివరములు వ్రాసి, జాప్యము లేక గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని, వ్యవసాయ శాఖ సిబ్బందికి గాని అందజేయుట.

3. మిరప నారుమళ్ల చెంత ముడుచుకొనిన ఆకులు గల పూలమొక్కలు కనబడినచో తీసివేయుట. మందారమునకు పిండినల్లి పట్టినచో ఆ కొమ్మలను కత్తిరించి కాల్చివేయుట. ప్రత్తిచేలను పాడుచేయు పిండినల్లి మందారముపైనను బ్రదుకును.

4. బాటల వెంట, బంజరులలో వయ్యారిభామను పూతకు పూర్వమే పెరికించుట.

వీనికి పెద్ద వ్యయము అక్కరలేదు, శ్రద్ధ కావలెను. ఇంటి ముంగిటి మొక్కను పేరుతో ఎరిగిన గ్రామము, తన పొలములోని తెగులును తొలినాటనే పసికట్టగలదు.