సిమెంటు పెట్టిన పన్ను: ఉంచడమా, తీయించడమా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో ఉన్న రోజుల్లో సిమెంటు పెట్టించిన పన్ను మనలో చాలామందికి ఒకటైనా ఉంటుంది. ఇన్నేళ్ళకు ఆ సిమెంటు ఊడుతుంది, లేదా అంచున సందు పడి అడుగున మళ్ళీ పిప్పి పడుతుంది. వక్క కొరికినప్పుడు పన్ను గోడే విరగవచ్చు. అప్పుడు అమలాపురమో రాజమండ్రో వెళ్ళి మనవాళ్ళు అనే మొదటి మాట, "ఈ వయసులో ఇంకెందుకండీ, పీకేయండి" అని. దంతవైద్యునిగా ప్రభుత్వ సర్వీసు చేసిన నేను ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. తొందరపడి అలా అనవద్దని మనవి చేయడానికే నేడు మీ ముందు నిలబడ్డాను.

మన పాత మండువా ఇళ్ళనే తీసుకోండి. పెంకులు పగిలితే మార్పించుకుంటాం గాని, గోడలూ పునాదీ బాగున్న ఇంటిని పడగొట్టం. పన్నుకు సిమెంటు పెంకు వంటిది. మిగిలిన పన్ను గోడ. వేరు, దవడ ఎముక పునాది. కనుక డాక్టరుగారిని మూడు ప్రశ్నలడగండి.

1. చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది? చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే, అవసరమైతే రూట్ కెనాల్ చేసి వేసిన క్యాపు బాగా నిలుస్తుంది.

2. వేరు నిలువునా చీలిందా? చీలితే సాధారణంగా తీయక తప్పదు.

3. ఎముక పట్టు ఎంత ఉంది? అన్ని వైపులకూ కదులుతూ, నొక్కితే కిందికి దిగే పన్ను మీద డబ్బు పెట్టడం దండుగ.

నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవద్దు. లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. వేరు కొసన చీము మాత్రం చేరుతూనే ఉండవచ్చు.

తీయించడానికి ఖర్చు తక్కువే. కాని ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, ఎదుటి పన్ను సాగుతుంది. తర్వాత కట్టుడు పన్నుకయ్యే ఖర్చు కూడా కలిపి లెక్క చూడండి. కట్టుడు పళ్ళ సెట్టు పట్టుకోవడానికైనా గట్టి పన్ను ఒకటి ఉంటే మేలు. ఒక్కొక్కటే పోతూ ఉంటే కొబ్బరి ముక్క, జామకాయ, వేరుశనగ మనకు దూరమవుతాయి. చివరకు మెత్తటి అన్నం, ఆత్రేయపురం పూతరేకులు మిగులుతాయి. షుగరున్న వారికి ఆ రెండూ కష్టమే!

అలాగని ప్రతి పన్నునూ కాపాడాలని నేననను. ఎదుటి జత లేని జ్ఞానదంతం చెడితే తీయించడమే సుఖం. నాలుగైదుసార్లు ప్రయాణం చేయలేనివారికి, చాలాసేపు నోరు తెరిచి కూర్చోలేనివారికి కూడా అదే సరైన నిర్ణయం కావచ్చు.

తీయించే ముందు మీరు వాడే మందులన్నీ చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపవద్దు. గుండె డాక్టరును అడగకుండా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఎముకల బలానికి అలెండ్రోనేట్ మాత్రలు, జొలెడ్రోనిక్ ఇంజక్షన్లు వాడినవారికి దవడ గాయం మానకపోయే ప్రమాదం ఉంది. షుగరు అదుపులో ఉందో లేదో చూపించుకోండి. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగుడు పడకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కుటుంబ సభ్యులకు ఒక్క మాట. ఇంట్లో పెద్దవారు ఒకవైపే నములుతున్నా, కూరలో ముక్కలు పక్కన పెడుతున్నా గమనించండి. వారు నోరు తెరిచి చెప్పరు. మనకు ఇంకా ఎన్నాళ్ళున్నాయో ఎవరం చెప్పలేం. ఉన్నన్నాళ్ళూ నమిలి తినే హక్కు మాత్రం మనదే.