పాత కూపేకు కొత్త రూపు

కూపే అనేది ఫ్రెంచి మాట. కోయబడినది అని దాని అర్థం. పెద్ద గుర్రపుబండిని ఇద్దరు కూర్చొనేటంత మేరకు కుదించి కట్టినప్పుడు ఆ పేరు పుట్టినది. తరువాత అది రెండు తలుపుల మోటారుకారుకు సంక్రమించినది. పేరులోనే కోత ఉన్న ఈ బండిని మరల కోయవలెనా అన్న ప్రశ్న ఈమధ్య నా ఎదుటికి వచ్చినది. ఈ ప్రసంగానికి విషయం అదే.

పటాన్‌చెరులో లేతు యంత్రాల షెడ్డు నడిపే మిత్రుడొకరు ఒక ఆదివారం నన్ను పిలిపించారు. ఆయన తండ్రిగారు సెకండ్‌హ్యాండులో కొన్న 1936 నాటి ఫోర్డు కూపే ఒకటి సంగారెడ్డిలోని పాత ఇంటి పెరట్లో, రేకుల పందిరి కింద, ఏళ్ల తరబడి నిలిచి ఉండినది. దానిని లారీ మీద షెడ్డుకు చేర్చారు. మిత్రుని కుమారుడు ఇంజనీరింగు చదివినవాడు. దానిని హాట్‌ రాడ్‌గా మార్చవలెనని అతని సంకల్పం. నేను వెళ్లేసరికి పైకప్పును మోసే స్తంభాల మీద సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నవి. “ఇక్కడ నాలుగంగుళాలు కోసి కప్పును దించితే బండి అందమే మారిపోతుంది, బాబాయ్” అన్నాడు. తండ్రి ఏమీ అనలేదు. తాను పుట్టినప్పుడు ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చినది ఆ బండిలోనేనని ఆయన నాకు లోగడ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. యంత్రాలను గూర్చి రేడియోలో మాట్లాడేవానికి యంత్రాలన్నీ తెలుసునని లోకులు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేనెన్నడూ గట్టిగా ఖండించలేదు. కనుక తీర్పు చెప్పవలసిన భారం నా మీద పడినది.

హాట్‌ రాడ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల ధరకు ఎనిమిది సిలిండర్ల వి–8 ఇంజనును అమ్మకానికి తెచ్చినది. దాని బలం 65 అశ్వశక్తి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాళ్లు పాత ఫోర్డులను కొని, మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి, ఎండిపోయిన సరస్సుల అడుగుభాగాన పందేలు వేసుకొనేవారు. 1937లో వారికొక సంఘం ఏర్పడినది. 1948 జనవరిలో ‘హాట్‌ రాడ్’ అనే పత్రికయే వెలువడినది. అయితే ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఆ కుర్రవాళ్లు కోసినవి అపురూపమైన వస్తువులు కావు. వీధికొకటి దొరికే పాతబండ్లు అవి. ఒకటి పాడైతే మరొకటి తెచ్చుకొనేవారు. మన సంగారెడ్డి జిల్లాలో 1936 కూపే పాడైతే మరొకటి ఎక్కడ నుండి తెస్తాము?

చేతగాకపోవడమన్న మాట ఈ ప్రాంతంలో లేదు. రామచంద్రాపురంలో టర్బైనులు తయారవుతున్నవి. ఎద్దుమైలారంలో యుద్ధశకటాలు కట్టారు. జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్ వారు 1980 దశకంలో తేలిక లారీలను నిర్మించారు. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా వారి చేతికి వచ్చినది. ఈ దారి పొడవునా ఉన్న చిన్న షెడ్లలో ఇనుమును కోసి అతికే నేర్పుకు కొరత లేదు. అందువల్లనే కత్తి పట్టేముందు ఒక రోజు కూర్చొని ఆలోచించడం ఇక్కడ మరీ అవసరం.

నేను అతనిని మొదట అడిగినది, బండి పూర్తిగా ఉన్నదా, లేక శేషమా అని. ఇంజను పోయి, అడుగుచట్రం తుప్పు తిని, ఒట్టి డొప్ప మాత్రమే మిగిలినదైతే, దానిని హాట్‌ రాడ్ చేయడం పుణ్యమే. లేకున్న అది పాత ఇనుము కొట్టుకే పోతుంది. ఈ బండి అట్టిది కాదు. ఇంజను దానిదే, తలుపులు దానివే, వెనుక డిక్కీలో తెరిచి కూర్చొనే ఆసనం సైతం చెక్కుచెదరలేదు. హైదరాబాదు సంస్థానం నాటి కాగితాలు కూడా ఒక రేకుపెట్టెలో భద్రంగా ఉన్నవి.

రెండవది, ఆ నాలుగంగుళాల కోత. ఈ కారు స్తంభాలు నిట్టనిలువుగా లేవు. లోపలికి వాలి ఉన్నవి. కప్పును దించితే పై ముక్క, కింది ముక్క ఒకదానికొకటి అందవు. అందించడానికి కప్పును సైతం చీల్చి సాగదీయవలె. అద్దాలు, తలుపుల చట్రాలు అన్నీ కొత్తగా చేయించవలె. ఇంత చేసి మనకు మిగిలేది ఇరుకైన కిటికీ, తలకు తగిలే కప్పు. మే నెల ఎండలో ముత్తంగి దగ్గర లారీల వరుసలో ఆగి ఉన్నప్పుడు ఆ అందమెంతో ఊహించుకోమన్నాను. కుర్రవాడు నవ్వాడు గాని ఒప్పుకోలేదు.

మూడవది ఇంజను. కొత్త ఇంజను, దానికి తగిన గేర్‌బాక్సు పెడతానన్నాడు. ఈ ఫోర్డులో గేర్‌బాక్సు నుండి వెనుక ఇరుసుకు పోయే కడ్డీ ఒక మూసిన గొట్టంలో తిరుగుతుంది. గేర్‌బాక్సు మారిస్తే గొట్టం మారవలె; గొట్టం మారితే ఇరుసు మారవలె; ఇరుసు మారితే స్ప్రింగు కట్టు మారవలె. ఒక నట్టుతో మొదలైన పని బండినంతా మింగుతుంది. పాత ఇంజనులో ఉన్న అసలు చిక్కు బలహీనత కాదు, వేడి. కాలిన వాయువు ఇంజను దిమ్మ లోపలి నుండే, నీరు తిరిగే కాలువల పక్కగా బయటకు పోతుంది. కనుక ఆ కాలువల్లోని తుప్పును కడిగించి, రేడియేటరును బాగుచేయించి, అవసరమైతే విద్యుత్ ఫ్యాను అమర్చుకుంటే 85 అశ్వశక్తి మన రోడ్లకు చాలును.

బ్రేకుల మాట అతడు ఎత్తనే లేదు. వేగం కోరేవారు సాధారణంగా ఎత్తరు. ఈ బండిలో పెడలు నుండి నాలుగు చక్రాలకు ఇనుపకడ్డీలే ఆధారం. హైడ్రాలిక్ బ్రేకులు ఫోర్డు కార్లకు 1939లో గాని రాలేదు. ముంబాయి రహదారి మీద, వెనుక కంటెయినరు లారీ తరుముతుండగా, ఆ కడ్డీల నమ్మకం మీద కాలు వేయడం సాహసం. మార్పు చేయదలిస్తే మొదట అక్కడ చేయవలెను. హైడ్రాలిక్ బ్రేకులు అమర్చవచ్చును. పాత కడ్డీలను నూనె పూసి, చీటీ కట్టి, పెట్టెలో దాచవచ్చును. చట్రానికి కొత్త రంధ్రం వేయకుండా చేసిన పనిని మనుమడైనా విప్పుకోగలడు.

చట్టం సంగతి చివరకు చెప్పాను గాని మొదటే చెప్పవలసినది. నమోదుపత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసినది. 2021 జులైలో కేంద్రప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన కార్లకు వింటేజి నమోదును ఏర్పాటు చేసినది. నంబరులో ‘విఎ’ అక్షరాలు, కొత్త నమోదుకు ఇరవై వేల రూపాయల రుసుము. చట్రం, డొప్ప, ఇంజను విషయంలో పెద్ద మార్పులు జరగని బండికే ఆ గౌరవం. అదైనా నిత్యప్రయాణానికి కాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, వాటికి సంబంధించిన రాకపోకలకు. కప్పు కోసిన నాడు ఆ తలుపు మూసుకుపోతుంది. రవాణా కార్యాలయంలో ముందుగా అడగకుండా బ్రేకులు సైతం ముట్టవద్దన్నాను.

“అయితే నా చేతికి పనేముంది?” అన్నాడు కుర్రవాడు. న్యాయమైన ప్రశ్న. అతనికి హైదరాబాదులోని రెండు చోట్లు చూడమని చెప్పాను. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరవ నిజాము ఆజ్ఞపై తయారైన రోల్స్‌ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. సింహాసనం వంటి ఆసనంతో బార్కర్ కంపెనీ వారు కట్టిన పసుపుపచ్చని బండి. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధాకర్‌గారి కార్ల మ్యూజియం ఉన్నది. అందులో బూటు ఆకారపు కారు, క్రికెట్ బ్యాటు ఆకారపు కారు, అన్నీ తుక్కుసామానుతో కట్టినవే, అన్నీ నడిచేవే. కల్పనకు అవధి లేనివాడు ఆ దారిన పోవచ్చును. తుక్కు ఇనుముతో కొత్త డొప్ప కట్టి, తన షెడ్డు ఆవరణలో తిప్పుకోవచ్చును.

మూడు వారాల తరువాత మరల వెళ్లాను. బండి దిమ్మెల మీద ఉన్నది. చక్రాలు విప్పి ఉన్నవి. కుర్రవాడు పాత వైర్లకు ఒక్కొక్కదానికి చీటీ అంటించి ఫోటో తీస్తున్నాడు. రవాణా కార్యాలయానికి రాసిన దరఖాస్తు నకలు బల్ల మీద ఉన్నది. సుద్దగీతలు అలాగే ఉన్నవి. తుడవలేదేమని తండ్రిని అడిగితే, “వాడినే తుడవనీ” అన్నారు. షెడ్డు మూలన మరొకటి చూశాను: ఎక్కడి నుండి తెచ్చారో, తలుపులు లేని, ఇంజను లేని ఒక అంబాసిడరు డొప్ప. దాని కప్పు మీద కూడా సుద్దగీతలున్నవి. నాలుగంగుళాలు కాదు, ఆరు.