సెల్‌ఫోన్ ఆటలు – మన పిల్లల ఆరోగ్యం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్లము. మా తెలుగులో లోపాలుంటే మన్నించండి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుంటాము. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి రోజూ మొదటి పీరియడ్‌లోనే బల్లమీద తల వాల్చి నిద్రపోయేవాడు. సోమరి అనుకున్నాము, బెంచీ ఎక్కించాము. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావని అడగటానికి మాకు రెండు నెలలు పట్టింది. "మూడింటికి సార్" అన్నాడు. అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో సెల్‌ఫోన్ ఆట! పొద్దున టిఫిన్ తినడు, కళ్లు ఎర్రబడతాయి, మెడనొప్పి, తలనొప్పి. నజర్ తగిలిందని తల్లి తాయెత్తు కట్టించింది.

అది నజర్ కాదు, నిద్ర చాలకపోవడం. 13 నుండి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. ఆట మొదట దోచేది ఆ నిద్రనే. నిద్ర పోతే ఆకలి వేళ తప్పుతుంది. చిప్స్, కూల్‌డ్రింకులతో కొందరు లావెక్కుతారు, తిండి మాని కొందరు చిక్కిపోతారు. గంటల తరబడి దగ్గరగా చూస్తే కళ్లు ఎండిపోతాయి, దూరపు చూపు తగ్గుతుంది. వంగి కూర్చుంటే మెడ, నడుము పట్టేస్తాయి.

2019లో వనపర్తి ప్రాంతపు 19 ఏళ్ల విద్యార్థి ఒకడు రాత్రిళ్లు పబ్‌జీ ఆడి, తిండీ నీళ్లూ సరిగా లేక, మెదడులో రక్తం గడ్డకట్టి హైదరాబాదు ఆసుపత్రిలో చేరిన సంగతి పత్రికల్లో చదివాము. 2020 సెప్టెంబరు 2న దేశ భద్రత కారణంగా కేంద్రం ఆ ఆటను నిషేధించింది. 2021లో దాదాపు అదే ఆట వేరే పేరుతో వచ్చింది. కనుక నిషేధాలతోనే పని తీరదు.

ఆడిన ప్రతివాడూ రోగి కాడు. ఆట మీద అదుపు పోయి, చదువు, తిండి, స్నేహాలు వెనకపడి, నష్టం కనబడుతున్నా మానలేని స్థితి సుమారు ఏడాది సాగితే, దానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా లెక్కిస్తుంది. 2022 జనవరి 1 నుండి అమలైన దాని వ్యాధుల పట్టికలో ఇది చేరింది.

తప్పంతా పిల్లలదేనా? మా చిన్నతనంలో షేక్‌పేటలో గిల్లీదండకు, పతంగులకు ఖాళీ జాగాలుండేవి. ఇప్పుడు ఇటు ఫిలింనగర్, అటు టోలీచౌకి, మధ్యలో ఇరుకు గదులు. 2020 లాక్‌డౌన్‌లో పాఠాల కోసమని ఫోన్ కొనిచ్చింది కూడా మనమే.

అందుచేత మా మనవి ఇది. రాత్రి పది కాగానే ఇంట్లోని ఫోన్లన్నీ, అబ్బా ఫోన్‌తో సహా, ఒకే అల్మారాలో పెట్టండి. రోజుకు ఒక గంటైనా ఒళ్లు అలిసేలా పిల్లల్ని ఆడనివ్వండి. కోపంతో ఫోన్ లాక్కొని పగలగొట్టకండి, కొట్టకండి, మెల్లమెల్లగా తగ్గించండి. చెయ్యి దాటిపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపండి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ అబ్బాయి తల్లి ఇప్పుడు రాత్రిళ్లు ఫోన్‌ను తన దిండు కింద పెట్టుకుంటుంది. మొదటి రెండు వారాలు ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. వాడు ఇప్పటికీ అప్పుడప్పుడు క్లాసులో కునుకు తీస్తాడు. కాని మేము ముందు అడుగుతున్నాము, తర్వాతే కోప్పడుతున్నాము.

సెలవు. ఖుదా హాఫిజ్.