ఇంకో మంచి కూర వండించండి

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీరు ఆహార విజ్ఞానం చదివారు. రేపు హాస్టల్ మెస్సులకో, ఆసుపత్రి వంటశాలలకో, కంపెనీ క్యాంటీన్లకో వెళ్తారు. కూరగాయలు ఎక్కువ తినండని చెప్పి చెప్పి అలసిపోయినవాళ్లు అక్కడ ఎదురవుతారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎమ్మా గార్నెట్ బృందం మూడు కళాశాలల క్యాంటీన్లలో 94 వేలకు పైగా భోజనాల లెక్కలు తీసింది. నాలుగు వంటకాల్లో ఒకటికి బదులు రెండు శాకాహారమైనప్పుడు వాటి అమ్మకం 41 నుంచి 79 శాతం దాకా పెరిగింది. 2019లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతకుముందు శాకాహారం జోలికి దాదాపు వెళ్లనివాళ్లలోనే మార్పు ఎక్కువ. నన్ను కదిలించింది ఇదే. మొండివాళ్లని మనం వదిలేసినవాళ్లు మొండివాళ్లు కారు. వాళ్లకు నచ్చే కూర ఆ రోజు లేదు, అంతే.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కూరగాయల పేర్లు మాత్రమే మార్చి చూశారు. వంట అదే. నోరూరించే పేరు పెట్టిన రోజు, మామూలు పేరు పెట్టిన రోజు కంటే 25 శాతం ఎక్కువమంది వడ్డించుకున్నారు.

మన మెస్సు బోర్డు గుర్తు తెచ్చుకోండి. సుద్దముక్కతో ‘వెజ్ కర్రీ’ అని రాసి ఉంటుంది. వరస చివర, చల్లారిన గిన్నెలో, నూనె తేలిన పులుసులో ఉడికి చితికిన ముక్కలు. అదే చోట నువ్వులు, కొబ్బరి నూరి కూరిన గుత్తొంకాయ ఉంటే? ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పడిన గోంగూర పప్పు పొగలు కక్కుతుంటే? బోర్డు మీద దాని పేరు దానికి రాస్తే?

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఎవరి కంచంలో ఏముండాలో శాసించే హక్కు మనకు లేదు. తిండిని చూపి మనుషుల్ని చిన్నబుచ్చిన దేశం మనది. కేంబ్రిడ్జ్‌లో మాంసం వరసలోనే ఉంది, కావాలన్నవాళ్లు తిన్నారు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. ఆ లెక్క మీకు కంఠతా వచ్చు. అది కంచం దాకా చేరాలంటే, ఉద్యోగంలో చేరిన మొదటి వారం వంటమాస్టరు గారి పక్కన కూర్చోండి. ఏ గిన్నె అడుగంటా ఖాళీ అవుతోందో, ఏది పారబోస్తున్నారో అడిగి రాసుకోండి. పారబోసేదాని చోట ఇంకో మంచి కూర వండించండి.